చెంబు మెడ కింద సొట్ట: అజ్జరంలో ఒక ప్రెస్సు షాపు కేసు

ఇత్తడి చెంబు మెడ దగ్గర సొట్ట కనిపిస్తే ముందు వచ్చే మాట ఒకటే: "ఎవరో కింద పడేసుంటారు." నేనూ అదే అనుకున్నాను. ఆ అనుమానంతోనే మూడు రోజులు గడిచిపోయాయి, నూట ముప్ఫై చెంబులు స్క్రాపులో పడ్డాయి. డైలు, అంటే ప్రెస్సులో రేకును నొక్కి ఆకారం తీసే ఉక్కు అచ్చులు. వాటిని బిగించడం, సరిచేయడం నా పని. ఇరవై ఆరేళ్లుగా తణుకు, నిడదవోలు, రావులపాలెం చుట్టుపక్కల ప్రెస్సు షాపులకు తిరుగుతున్నాను. అంత అనుభవం ఉండి కూడా, ఈ సొట్ట ఏ దెబ్బకు పడిందో చెంబునే చూసి తెలుసుకోవాలని మొదట్లో తట్టలేదు. ఈ పనిలో ఉన్న మిగతావాళ్లకు ఆ మూడు రోజులు మిగలాలని మొత్తం కేసు ఇక్కడ రాస్తున్నాను.

పెరవలి మండలం అజ్జరం అంటే మా జిల్లాల్లో ఇత్తడి సామానుకు పెట్టింది పేరు. పెళ్లి సారెలో బిందె నుంచి గుడిలో గంట వరకు అక్కడ దొరుకుతుంది. గోదావరి పుష్కరాలు కిందటిసారి 2015 జూలై 14 నుంచి 25 వరకు జరిగాయి, మళ్లీ 2027లో. పుష్కరాలకు వచ్చినవాళ్లు గోదారి నీళ్లు ఇంటికి పట్టుకెళ్లకుండా ఉండరు. అందుకని ఒక పూజాసామగ్రి వ్యాపారి ముందుగానే చిన్న మూత చెంబులు మూడు వేలు ఆర్డరిచ్చాడు. ఒకటే షరతు పెట్టాడు. నీళ్లు నింపి మూత బిగించి సంచిలో అడ్డంగా పడేసినా చుక్క కారకూడదు.

మూత లోపల రబ్బరు వాషరు ఉంటుంది. అది మెడ కింద భుజం మీద కూర్చుంటుంది. భుజం మీద సొట్ట ఉంటే వాషరు ఆనదు, నీళ్లు కారతాయి. అందుకే గోరంత సొట్టకు కూడా సరుకు వెనక్కి వస్తోంది. నన్ను పిలిచేనాటికి తొమ్మిది వందల చెంబులు దిగాయి. అందులో నాలుగు వందల పైచిలుకు సొట్టవే.

చెంబు ఎలా తయారవుతుందో కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 0.7 మి.మీ. ఇత్తడి రేకు నుంచి 133 మి.మీ. సర్కిల్ కోస్తారు. దాన్ని మొదటి డైలో 76 మి.మీ. గిన్నెగా, కాల్చి మెత్తబరిచాక రెండో డైలో 56 మి.మీ. గొట్టంలాంటి గిన్నెగా లాగుతారు. ఆ తర్వాతే అసలు పని. తెరిచి ఉన్న మూతి మీదకు పైనుంచి డై దిగి, మూతిని లోపలికి నొక్కుతూ మెడ తీస్తుంది. 56 నుంచి 34కు ఒక్క దెబ్బలో తేవాలంటే రేకు ముడతలు పడిపోతుంది. అందుకని 47, 40, 34 అని మూడు దెబ్బల్లో తెస్తారు. మెడ నొక్కేముందు మూతి వరకే కాక పెడతారు. చెంబు అడుగు గట్టిగా ఉండాలి కాబట్టి నీళ్లు పోసిన ట్రేలో చెంబుల్ని నిలబెట్టి, పైన మూతికి మాత్రమే మంట తగిలిస్తారు.

తూటా తయారీ తెలిసినవాళ్లు ఇది చదివి ఆగే ఉంటారు. రైఫిల్ తూటా కేసు, అంటే మందు నింపే ఇత్తడి గొట్టం, చేసేదీ ఇలాగే. అదీ ఇత్తడే, నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్ఫై పాళ్లు జింకు. అదీ గిన్నెగా మొదలై, లాగి, మధ్యమధ్య కాల్చి, చివర మెడ నొక్కి భుజం తీసిన వస్తువే. ఆ చుట్టరికమే చివరికి నాకు దారి చూపించింది. అది ఐదో రోజు మాట.

మొదటి మూడు రోజులు

షాపులో ప్రెస్సు దగ్గర కుర్రాడు మెడ నొక్కిన చెంబును పక్కనున్న గోనెసంచి మీదకు విసురుతున్నాడు. ఇత్తడికి ఇత్తడి తగిలి ఖంగుమంటోంది. నాకు ఇంకేం కావాలి? "ఇదిగో, ఇక్కడే ఉంది తప్పు" అన్నాను. ఆ సాయంత్రం నుంచి సంచి తీసేసి, చెంబుల్ని ఒక్కొక్కటిగా వరుసలో పెట్టి, వరుసకీ వరుసకీ మధ్య కొత్త కోడిగుడ్ల అట్ట వేయించాను. మర్నాడు చూస్తే మూతి అంచున పడే నొక్కులు పోయాయి. భుజం మీద సొట్టలు మాత్రం అన్నే ఉన్నాయి.

అక్కడే నేను ఆగాల్సింది. షాపులో ఉన్నది ఒక తప్పు కాదు, రెండు. మూతి అంచు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి రావడం ఒకటి, అది విసరడం వల్లే. భుజం మీద సొట్ట వేరే సంగతి. రెండింటినీ కలిపి "సొట్టలు" అనే ఒకే పుస్తకంలో రాస్తున్నారు. ఒకటి తగ్గేసరికి మొత్తం లెక్క తగ్గింది, నేను దారిలోనే ఉన్నాననుకున్నాను.

మూడో రోజు కాకను అనుమానించాను. మూతి మరీ మెత్తబడి డై కింద కుంగిపోతోందేమోనని మంట సమయం సగానికి తగ్గించాను. అది నా తప్పే, కప్పిపుచ్చేది లేదు. మెత్తబడని ఇత్తడి మూడో దెబ్బకు ఓర్చుకోలేదు. కొన్నిటికి మెడ చుట్టూ నిలువు ముడతలు వచ్చాయి, కొన్నిటికి మూతి చీలింది. పైన చెప్పిన నూట ముప్ఫైలో ఎక్కువ ఆ మధ్యాహ్నానివే. సొట్టలు మాత్రం తగ్గలేదు.

నిజానికి కాక ఎక్కువైందా లేదా అన్నది తెలుసుకోవడానికి అన్ని చెంబులు పాడు చేయక్కర్లేదు. ఇత్తడి మరీ కాలిపోతే లోపల పలుకు పెద్దదవుతుంది. అలాంటి రేకును డైలో వంచితే పైతలం బత్తాయి తొక్కలాగా గరుకుగా తేలుతుంది. గోటితో రాస్తేనే తెలిసిపోతుంది. మా చెంబుల భుజాలు గాజులా నున్నగా ఉన్నాయి. ఆ సంగతి చూసి ఉంటే మంట జోలికి వెళ్లేవాణ్ణి కాదు.

పాలిష్ అక్క చెప్పిన మాట

సొట్ట గురించి మొదటి సరైన మాట అన్నది పాలిష్ దగ్గర పనిచేసే అక్క. బఫ్ చక్రం మీద రోజుకు మూడు నాలుగు వందల చెంబులు ఆమె చేతిలో తిరుగుతాయి.

"దెబ్బ తగిలిన సొట్ట అయితే గీత ఉంటది తమ్ముడూ. అంచు చేతికి గుచ్చుకుంటది. ఇది చూడు, వేలు పెడితే అరటిపండు మీద నొక్కినట్టు మెత్తగా ఉంది. లోపల మసక కూడా పోలేదు."

చెంబును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి భూతద్దంలో చూశాను. డై లోపలికి జారిన ఇత్తడి మీద నిలువునా సన్నని మెరుపు గీతలు ఉంటాయి, డై గోడ రాసుకున్న గుర్తులు. మెడ చుట్టూ, భుజం చుట్టూ ఆ గీతలు వరసగా ఉన్నాయి. సొట్ట అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. సొట్ట లోపల ఒక్క గీత లేదు. కాల్చినప్పటి మసక రంగు అక్కడ అలాగే ఉంది. సొట్ట సుమారు చింతగింజ అంత, లోతు అర మిల్లీమీటరు ఉంటుందేమో, అంచులన్నీ గుండ్రంగా జారి ఉన్నాయి.

అంటే ఆ చోట ఇత్తడికి డై తగల్లేదు. డైకీ ఇత్తడికీ మధ్యలో ఇంకేదో ఉండి లోపలికి నొక్కింది. అది గట్టి వస్తువైతే గుర్తు పడేది. ఇనుప రజను ఇరుక్కుంటే సూదిమొనలాంటి గుంట పడుతుంది. కాబట్టి అది మెత్తనిదే. అయినా 0.7 మి.మీ. ఇత్తడిని వంచేంత బలం దానికి ఉంది.

అప్పటికి చీకటి పడింది. ఇంటికి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద బండి ఆపి ఆ చెంబును మళ్లీ మళ్లీ తిప్పి చూశాను.

గీత పెట్టి లెక్కపెట్టడం

నాలుగో రోజు ప్రెస్సు ఆపి ఒక్క పనే చేశాం. ఇరవై నాలుగు గిన్నెలు తీసుకుని, ఒక్కోదానికి పక్కన మార్కరుతో గీత గీశాం. ప్రతిదాన్నీ ఆ గీత కుర్రాడి వైపుకే ఉండేలా పెట్టి మెడ నొక్కించాను. ప్రతి దెబ్బ తర్వాత ఆపి చూశాం. మొదటి రెండు దెబ్బల్లో సొట్ట లేదు. మూడో దెబ్బలోనే పడుతోంది. వరస నంబరు వేసి, సొట్ట గీతకు ఎటువైపు పడిందో రాసుకున్నాం.

డై వంకరగా బిగిసి ఉంటే, ప్రెస్సు గైడు అరిగి ఉంటే, సొట్ట ఎప్పుడూ ఒకే వైపు పడాలి. మాకు ఒకటి ముందు వైపు, ఒకటి వెనక, ఒకటి పక్కకు పడ్డాయి. వంకర కాదని తేలింది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. పని మొదలుపెట్టేముందు కుర్రాడు డైని గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. ఒకటి నుంచి ఏడు దాకా ఒక్క సొట్ట లేదు. ఎనిమిదో చెంబుకు చిన్న పల్లం పడింది. పదో దానికి చింతగింజ అంత. పన్నెండు నుంచి దాదాపు ప్రతిదానికీ పడింది. పదిహేడు దగ్గర ఆపి మళ్లీ డై తుడిపించాను. పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు వరకు మళ్లీ బాగున్నాయి.

ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. తుడిస్తే పోయేది, ఏడు దెబ్బల్లో మళ్లీ పేరుకునేది నూనె తప్ప ఇంకేం ఉంటుంది?

అదే మాట యజమానితో అంటే ఆయన ఒప్పుకోలేదు. "నూనె రాస్తేనే కదండీ మేస్త్రీ గారూ రేకు జారేది. నూనె వల్ల సొట్ట పడటమేంటండీ? నూనె చాలక గీతలు పడ్డాయంటే నమ్ముతాను." ఆయన అనుమానం సహజమే. నూనె మెత్తన అనుకుంటాం. పోయే దారి లేనప్పుడు అది రాయి.

ఖడ్కీ మావయ్య

మా ఊళ్లో మావయ్య వరసయ్యే ఒకాయన పుణె దగ్గర ఖడ్కీ మందుగుండు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై వచ్చారు. ఐదో రోజు పొద్దున్నే సొట్ట చెంబు, నా కాగితం పట్టుకుని ఆయన అరుగు మీద కూర్చున్నాను. కళ్లజోడు సరిచేసుకుని చెంబును ఒక్కసారి తిప్పారు.

"ఒరేయ్ అల్లుడూ, ఇది నూనె సొట్టరా. మీ డైకి గాలి బొక్కలున్నాయా?"

"ఉన్నాయి మావయ్యా, నాలుగు."

"ఉండటం కాదు. తెరిచి ఉన్నాయా?"

ఆయన చెప్పింది ఇదీ. తూటా కేసు పేలినప్పుడు రైఫిల్‌లో అది కూర్చునే గదిలో ఉబ్బుతుంది. విదేశాల్లో గురిపోటీలకు వెళ్లేవాళ్లు ఆ ఖాళీ కేసుల్ని మళ్లీ నింపుకుంటారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం కాబట్టి అది ఊళ్లో చేసే పని కాదు. నింపేముందు ఉబ్బిన కేసును డైలోకి తోసి పాత కొలతకు తెస్తారు. అప్పుడు కేసుకు జారుడు నూనె రాస్తారు. తక్కువ రాస్తే కేసు డైలో ఇరుక్కుంటుంది. ఆ భయానికి కొత్తవాళ్లు ఎక్కువ రాస్తారు. ఎక్కువైన నూనె కేసు భుజానికీ డై మూలకీ మధ్య చిక్కుకుంటుంది. నూనె కుదించుకుపోదు, ఇత్తడి పల్చన, ఇక లోపలికి కుంగేది ఇత్తడే. అందుకే ఆ డైలకు భుజం దగ్గర సన్నని రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే వరసగా అన్ని కేసులకూ సొట్టలే.

మెడ అంచు నొక్కుకుపోవడం అక్కడా వేరే సంగతే. పేలిన కేసు రైఫిల్లోంచి ఎగిరి బయటి ఇనుముకు తగిలినప్పుడో, నేల మీద పడినప్పుడో మూతి గుండ్రం పోతుంది. దానికి మొన సన్నగా ఉండే కడ్డీ లోపలికి దింపి మూతిని మళ్లీ గుండ్రంగా తెస్తారు. మడత పడితే మాత్రం పారేస్తారు. సరిగ్గా మా షాపులో ఉన్న రెండు తప్పులే!

ఇంకో మాటన్నారు. "చిన్న నూనె సొట్ట అయితే తూటాకు భయం లేదు. పేలినప్పుడు లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి యాభై వేల పౌండ్లు దాటుతుంది, కేసు గది గోడకు అతుక్కుపోయి సొట్ట దానంతటదే లేచిపోతుంది. మరి నీ చెంబులో మందు లేదు కదరా, ఎవరు లేపుతారు?" ఆ ప్రశ్నే తర్వాత మూడు వందల పైచిలుకు చెంబుల్ని కాపాడింది.

కొబ్బరి ఈనె

షాపుకు వచ్చి మెడ నొక్కే మూడో డై విప్పించాను. భుజం మూలలో చుట్టూ నాలుగు రంధ్రాలు, ఒక్కోటి ఒకటిన్నర మి.మీ. పైనుంచి చూస్తే నాలుగూ నల్లగా కనిపిస్తున్నాయి, తెరిచి ఉన్నాయనే అనుకుంటాం. చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె లాగి, కొసను గోటితో గీకి సన్నబరిచి ఒక్కోదాంట్లో దూర్చాను. మొదటిదాంట్లో అవతలికి వచ్చింది. రెండోది సగంలో ఆగిపోయింది. మూడోదీ అంతే. నాలుగోదాంట్లో కొసే దిగలేదు. బయటకు లాగితే ఈనె కొసకు ఆకుపచ్చటి ముద్ద అంటుకుని వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరలాడింది.

అది పాలిష్ పేస్టు. ఆ డైని నెల కిందట బయట ఒక షాపుకు హార్డ్ క్రోమ్ పూత, పాలిష్ కోసం పంపారు. వాళ్లు అద్దంలా మెరిపించి పంపారు. రంధ్రాల్లోకి వెళ్లిన పేస్టును మాత్రం కడగలేదు. ఇక్కడ బిగించేముందు ఎవరూ చూడనూ లేదు. ఆ తర్వాత నూనె, ఇత్తడి రజను చేరి ముద్ద గట్టిపడింది. నాలుగు దారుల్లో ఒక్కటే మిగిలింది.

దానికి తోడు ఇంకో మార్పు జరిగింది. వెనక సబ్బు నీళ్లలో కాస్త ఆముదం కలిపి గుడ్డతో రాసేవారట. కొత్తగా కొన్నది జిగురుగా ఉండే చిక్కటి డ్రాయింగ్ కాంపౌండు, రేకు లాగేటప్పుడు పూసే జారుడు నూనె. కుర్రాడు దాన్ని బ్రష్‌తో పూస్తున్నాడు. గీతలు పడితే తిట్లు తప్పవని కాస్త ఎక్కువే పూస్తున్నాడు. దారి మూసుకుపోవడం, నూనె చిక్కబడటం రెండూ ఒకే నెలలో జరిగాయి. ఏ ఒక్కటి జరిగినా ఇన్ని సొట్టలు పడేవి కాదని నా నమ్మకం. పాలిష్ వల్ల డై, చెంబు ఇంకా బిగుతుగా ఆనుకుని, పక్కనుంచి నూనె జారే సందు కూడా పోయింది.

డై హెచ్‌సీహెచ్‌సీఆర్ ఉక్కు, అంటే కార్బన్, క్రోమియం ఎక్కువగా ఉండే రకం. గట్టిపరిచాక దానికి మామూలు డ్రిల్లు దిగదు, దింపితే డ్రిల్లే విరుగుతుంది. కాబట్టి రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టాం. పొద్దున బైకు పాత క్లచ్ వైరులోంచి ఒక పోగు లాగి, దాంతో మూడు రంధ్రాల్నీ ఓపిగ్గా పొడిచి, సైకిల్ పంపుతో గాలి కొట్టాం. నాలుగింటిలోంచీ కిరోసిన్ చిమ్మింది. కాంపౌండు డబ్బా పక్కన పెట్టించి సబ్బు నీళ్లు, ఆముదానికి తిరిగి వెళ్లాం. బ్రష్ తీసేసి గుడ్డ ఇచ్చాం. ఆ రోజు రెండు వందల పది చెంబులు దిగాయి. భుజం మీద సొట్ట ఒక్కదానికి కూడా లేదు. కుర్రాడు ప్రతి చెంబునూ నాకు చూపిస్తూనే ఉన్నాడు, నేను చాలన్నా ఆపలేదు.

నాలుగు వందల పన్నెండు చెంబులు

మిగిలింది పాత సరుకు. లెక్కపెడితే సొట్ట చెంబులు నాలుగు వందల పన్నెండు. స్క్రాపుకు వేస్తే ఇత్తడి ధర వస్తుంది కానీ పడ్డ కూలీ, గ్యాసు రావు. నేను రాకముందు ఒక అరవై చెంబుల సొట్టల్ని లోపలికి వంకర కడ్డీ పెట్టి చేత్తో లేపి, లేతు మీద నునుపు చేసి పంపించేశారు. మిగతావీ అలాగే చేద్దామని యజమాని అన్నారు.

మావయ్య మాట నా చెవిలో ఉంది: మందు లేదు, ఎవరు లేపుతారు? సొట్ట వేసింది దారి లేని ద్రవమే కదా. దాన్నే లోపలివైపు పెడితే? చెంబు ఒంటికి సరిగ్గా పట్టే రెండు చెక్కల ఇనుప తొడుగు చేయించాను, లోపలి ఆకారం మంచి చెంబుదే. సొట్ట చెంబు మూతికి మళ్లీ ఒకసారి కాక పెట్టి, చల్లారాక తొడుగులో బిగించి, గాలి బుడగ లేకుండా అంచుదాకా నీళ్లు నింపాం. మెడలోకి ఓ-రింగు (రబ్బరు చుట్టు) ఉన్న ముషలకం (పిస్టన్) దింపి, ఫ్లై ప్రెస్సుతో చేతి బలం మీదే మెల్లగా తిప్పాం. కొద్దిగా దిగేసరికి చక్రం బిగుసుకుంటుంది. ఇంకాస్త తిప్పితే లోపల "టక్" మని చిన్న చప్పుడు. విప్పి చూస్తే సొట్ట లేదు. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ షాపంతా ఒక్క క్షణం పని ఆపి ఇటు చూసేది. తర్వాత ఒకసారి మూడో డైలో వేసి కొలత సరిచేశాం.

మడత పడినవి మాత్రం లేవలేదు. మడత ఉన్నచోట ఇత్తడి చీలుతుంది, ఆశపడి లాభం లేదు. అలాంటివి నలభై ఒకటి పోయాయి. మూడు వందల డెబ్బై ఒకటి దక్కాయి.

గొడౌన్లో పగుళ్లు

ఎనిమిదో రోజు వ్యాపారి దగ్గర్నుంచి ఫోను. నేను రాకముందు వెళ్లిన ఆ అరవై చెంబుల్లో తొమ్మిదింటికి మెడ నుంచి భుజం దాకా నిలువు పగుళ్లు. ఎవరూ ముట్టుకోలేదు, పెట్టెలోంచే తీయలేదు. నేను వెళ్లి చూశాను. గొడౌనుకు ఆనుకుని కోళ్ల ఫారం ఉంది. తణుకు చుట్టూ కోళ్ల ఫారాలు ఎన్నో చెప్పక్కర్లేదు. ముసురు పట్టిన ఆషాఢం, తలుపు తీయగానే కళ్లు మండే అమోనియా వాసన.

ఇది కొత్త రోగం కాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఇక్కడి సైన్యం తూటాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచేది. వానలు తగ్గాక చూస్తే కేసుల మెడలు పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, మెడ నొక్కినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి పగులుతుందని 1921లో పరిశోధకులు తేల్చారు. ఇంగ్లీషులో దాన్ని సీజన్ క్రాకింగ్ అంటారు. తూటా కేసులో మూతి కాల్చడం ఇప్పటికీ తప్పనిసరి కావడానికి ఇదీ ఒక కారణం. సైన్యానికిచ్చే తూటాల మెడ మీద కనిపించే నీలి మసక ఆ కాల్చిన గుర్తే.

చల్లగా ఉన్న ఇత్తడిని కడ్డీతో ఎగదోసి, లేతు మీద రుద్ది ఆ అరవై చెంబుల్లో బిగువు ఇంకా పెంచారు. కోళ్ల ఫారం మిగతాది చేసింది. మేం నీళ్లతో లేపినవాటికీ, అసలు సొట్టే పడని మంచి చెంబులకూ ఆ బిగువు కొంత ఉంటుంది, ఎందుకంటే చివరి దెబ్బ తర్వాత ఎవరూ కాక పెట్టడం లేదు.

దీనికి మందు ఉంది. 260 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే బిగువు సడలుతుంది, గట్టిదనం మాత్రం పోదు. మళ్లీ మెత్తబడాలంటే అంతకు చాలా ఎక్కువ వేడి కావాలి. తణుకులో ఒక బేకరీవాళ్లు పాతబడిందని పక్కన పెట్టిన ఓవెన్ అద్దెకు తెచ్చుకున్నాం. థర్మామీటరు వేరేది పెట్టాం, ఓవెన్ మీది ముల్లును నమ్మలేదు.

నమ్మకం కోసం ఒక పరీక్ష కూడా చేశాం. ఒక ప్లాస్టిక్ డ్రమ్ము అడుగున చిన్న గిన్నెలో అమోనియా ద్రావణం పోసి, పైన జాలీ మీద ఓవెన్లో పెట్టిన చెంబులు ఐదు, పెట్టనివి ఐదు నిలబెట్టి, మూత వేసి ఆరుబయట చెట్టు కింద రాత్రంతా ఉంచాం. ఎవరైనా చేస్తే గాలి ఆడేచోటే చేయండి, మూత తీసేటప్పుడు ముఖం పక్కకు తిప్పండి. పొద్దున్నే ఓవెన్ చూడనివాటిలో మూడింటి మెడ పగిలింది. ఓవెన్లో పెట్టిన ఐదూ నల్లబడ్డాయి కానీ పగల్లేదు. యజమాని ఆ రెండు రకాల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆ మధ్యాహ్నమే మొత్తం సరుకును ఓవెన్‌కు పంపించారు. వ్యాపారి దగ్గరున్న మిగతా యాభై ఒకటి కూడా వెనక్కి తెప్పించారు. గొడౌను మారిస్తే తప్ప సరుకు పంపనని ఆయనే వ్యాపారికి చెప్పారు.

పదకొండో రోజు నేను వచ్చేసేటప్పటికి షాపులో మారినవి ఇవి. సొట్టల పుస్తకంలో ఇప్పుడు "మూతి", "భుజం" అని రెండు వరసలు ఉన్నాయి, ఎన్నో దెబ్బ తర్వాత కనిపించిందో రాయడానికి పక్కన ఇంకో గడి. యాభై చెంబులకొకసారి డై తుడుస్తున్నారు. చెంబుల మధ్య వేసే గుడ్ల అట్టలు కొత్తవే వాడుతున్నారు, ఫారం నుంచి తిరిగొచ్చిన పాత అట్టల్ని లోపలికి రానివ్వడం లేదు. ప్రెస్సు స్తంభానికి ఒక మేకు కొట్టి, దానికి కొసలు గీకిన కొబ్బరి ఈనెల కట్ట వేలాడదీశారు. రోజూ పొద్దున డై బిగించేముందు కుర్రాడు నాలుగు రంధ్రాల్లోనూ ఈనె దూర్చి, అవతలికి వచ్చిన కొసను యజమానికి చూపించాకే స్విచ్ వేస్తాడు.